నేను బాగుచేశానన్న చప్పుడు

రేపల్లెలో ఎవరైనా పాత పవర్ కుట్టుమిషన్ కొనాలనుకుంటే, మిషన్ చూడకముందే ఒక కథ వింటారు. బాపట్లలో బట్టలు కుట్టే యూనిట్ మూతపడి మిషన్లన్నీ అమ్మేస్తున్నప్పుడు, అక్కడ పనిచేసే ఒక అమ్మాయి, చనిపోయిన తన అక్క కూర్చుని కుట్టిన మిషన్ని దసరా దాకా ఎవరికీ అమ్మొద్దని తెనాలిలో పాత మిషన్లు బాగుచేసి అమ్మే షెడ్డతన్ని అడిగిందట. అతను అడ్వాన్సు కూడా ముట్టకుండా మాటిచ్చాడట. ఎంతమంది బేరానికి వచ్చినా దాన్ని దాచి ఉంచి, శుభ్రంగా బాగుచేసి, ఆమె రాగానే అప్పగించాడట. మనిషంటే అలా ఉండాలట.

ఆ తెనాలి షెడ్డతను నేనే. ఆ కథలో యూనిట్ మూతపడటం నిజం, అక్క నిజం, నేను మాటివ్వడం నిజం. అక్కడితో ఆగిపోతుంది నిజం.

కుడిచేతి బొటనవేలు పట్టు తప్పడంతో ఈ మధ్య షెడ్డు మూసేశాను. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వేలు దానంతటదే వదిలేస్తోంది. మా కుట్టుపనివాళ్ళ సంఘం వేసే సంచికకి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా రాయమన్నారు. ఏదైనా అంటూనే, "ఆ అక్క మిషన్ సంగతే రాయండి, బాగుంటుంది" అన్నారు. రాస్తున్నాను. ఎలా జరిగిందో అలాగే.

మీరిప్పుడు ఫోన్లో ఫొటో చూసి మిషన్ కొంటున్నారు. మా రోజుల్లో వెళ్ళి ముట్టుకోవాలి. చేత్తో చక్రం తిప్పితే లోపల ఎక్కడ అరిగిందో అరచేతికి తెలుస్తుంది. తిరుప్పూరు నుంచో, చెన్నై నుంచో, మన చుట్టుపక్కల మూతపడ్డ చిన్న యూనిట్ల నుంచో పాత మిషన్లు తెచ్చేవాళ్ళం. విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగినవి మార్చి, రంగు వేసి అమ్మేవాళ్ళం. కొల్లూరులో జాకెట్లు కుట్టేవాళ్ళకి, నిజాంపట్నంలో పడవల మీద కప్పే పట్టాలు కుట్టేవాళ్ళకి, బళ్ళు తెరిచే ముందు యూనిఫారాలు కుట్టేవాళ్ళకి.

షెడ్డులో నేను కాక ఇంకొక్కరే ఉండేవారు. కొలకలూరు నుంచి సైకిల్ మీద వచ్చే ముసలి మెకానిక్. నాకు పని నేర్పింది ఆయనే. షెడ్డు నాదైనా నన్ను అబ్బాయ్ అనే పిలిచేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ణి. మాటలు తక్కువ. మిషన్ విప్పేముందు దాని మీదున్న బొట్టుబిళ్ళలు తీయడం ఆయన వంతు.

యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ళ మిషన్లు చూసినవాళ్ళకి ఇది తెలుసు. మధ్యాహ్నం ముఖం కడుక్కోవడానికి లేచినప్పుడు నుదుటి మీది బిళ్ళ తీసి మిషన్ మెడకి అంటిస్తారు. తిరిగొచ్చాక దాన్నే పెట్టుకుంటారు, లేదా మర్చిపోయి కొత్తది పెట్టుకుంటారు. ఏళ్ళు గడిచేసరికి ఆ ఇనుము మీద ఎర్రవి, మెరూన్‌వి, నల్లవి, రాయి రాలిపోయినవి చుక్కలు చుక్కలుగా పేరుకుంటాయి. నేనైతే బ్లేడుతో గీకి పారేసేవాణ్ణి. బాబాయ్ గోటితో ఒక్కొక్కటే లేపి, తన పనిముట్ల పెట్టె మూత లోపలివైపు అంటించేవాడు.

"ఏంటి బాబాయ్, అన్నీ పిన్ని కోసమేనా?" అని ఆటపట్టించేవాణ్ణి.

"మీ పిన్ని ఉంటే నిన్ను చెప్పుచ్చుకు కొట్టేది. బొట్టు చెత్తలో వెయ్యకూడదురా" అనేవాడు.

ఆ మూత తెరిస్తే సాయంత్రప్పూట ఆకాశంలా ఉండేది. ఇంకా చీకటి పడకుండానే చుక్కలు వచ్చేసినట్టు.

కరోనా తర్వాత ఆర్డర్లు తిరిగి రాక, బాపట్ల యూనిట్ మూసేశారు. మిషన్లు చూసుకోవడానికి బాబాయ్, నేనూ వెళ్ళాం. రేకుల కప్పున్న పొడవాటి హాలు. ఫ్యాన్లు ఆగిపోయాయి. తెరిచిన కిటికీల్లోంచి సముద్రపు గాలి వస్తుంటే, నేలమీద మిగిలిన దారపుపోగులు నీళ్ళలో నాచులా అటూ ఇటూ కదులుతున్నాయి. మిషన్లు వరసల్లో ఉన్నాయి, కూర్చునేవాళ్ళు లేరు. పని మానేసినా కొందరు ఆడవాళ్ళు ఆరోజు వచ్చారు. ఎందుకొచ్చారో వాళ్ళకీ తెలిసినట్టు లేదు. గోడవార నిలబడి, తమ మిషన్ల వంక, ఊరెళ్ళే బండి ఎక్కిన వాళ్ళని చూసినట్టు చూస్తున్నారు.

వాళ్ళలోంచి ఒకమ్మాయి ముందుకొచ్చింది. భుజానికి ఇంకా క్యారేజీ సంచి ఉంది.

"అన్నయ్యా, ఇవన్నీ మీరేనా తీసుకెళ్ళేది?"

"అవునమ్మా."

"ఆ కిటికీ పక్కది ఎవరికీ ఇవ్వకండి. అది మా అక్కది."

"యూనిట్ వాళ్ళదేమో అనుకున్నానే" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "అబ్బాయ్, నోరుమూసుకుని విను" అన్నాడు బాబాయ్.

యూనిట్ పెట్టిన రోజు నుంచీ అక్క ఆ మిషన్ మీదే కుట్టిందట. కామెర్లతో పోయింది. ఆ సీటు ఖాళీగా ఉంటే చెల్లెల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. మొదట్లో సీటు ఇంకా వెచ్చగా ఉన్నట్టే అనిపించేదని చెప్పింది.

"తొక్కగానే ఒక్కసారి టిక్కుమంటది అన్నయ్యా. ఇక్కడ ఏ మిషనూ అట్లా అనదు. పొద్దున్నే నేను లేవకపోతే మా అక్క చెవి దగ్గరకొచ్చి నోటితో టిక్ అనేది. ఇక మిషన్ మొదలెట్టానే, లెగు, అనేది."

బాబాయ్ వెళ్ళి ఆ మిషన్ చక్రం పట్టుకుని అటూ ఇటూ కొద్దిగా ఊపాడు. "చక్రం దగ్గర స్క్రూ వదులైందమ్మా. అందుకే ఆ చప్పుడు. చిటికెలో పోద్ది."

"వద్దు తాతయ్యా. దాన్ని మాత్రం చెయ్యకండి. మెకానిక్ చేస్తానంటే మా అక్క కూడా చెయ్యనిచ్చేది కాదు."

"సరే, చెయ్యంలే" అన్నాడు బాబాయ్.

యూనిట్ లేదు కాబట్టి రేపల్లెలో అమ్మ దగ్గరికి వెళ్ళి సొంతంగా కుట్టుకుంటానంది. దసరా అయ్యాక వచ్చి మిషన్ తీసుకెళ్తానంది. సంచిలోంచి నోట్లు తీయబోతే వద్దన్నాను. "మాట చాలమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నేనే ఎంతో పెద్దవాడిలా కనిపించాను. ఆమె కింద పడున్న లైనింగు గుడ్డలోంచి పసుపురంగు ముక్క చించి, ఆ మిషన్ చక్రానికి ముడివేసింది. గుర్తు ఉండాలని.

మిషన్లు షెడ్డుకు చేరాయి. పసుపు ముక్క ఉన్నదాన్ని బాబాయ్ గోడవైపు తిప్పి పక్కన పెట్టాడు. దాని మీది బిళ్ళలు మాత్రం అప్పుడే తీసి మూతకి అంటించాడు. నూనె పట్టి పాడైపోతాయని.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. చాలా మిషన్లు ఒకేచోట నుంచి వస్తే మేము ఒక్కొక్కదాన్నే బాగుచెయ్యం. అన్నింటినీ ఒకేసారి విప్పేస్తాం. కింది దారం తిప్పే షటిళ్ళన్నీ ఒక ట్రేలో, సూది పట్టే కడ్డీలన్నీ ఒక ట్రేలో, గుడ్డని లాగే పళ్ళన్నీ ఒక ట్రేలో వేస్తాం. కడిగి, బాగున్నవి బాగున్నవి ఏరి మళ్ళీ మిషన్లు కడతాం. ఒకదాని షటిల్ ఇంకోదానికి, దాని చక్రం మరోదానికి వెళ్తుంది. పదిమంది అలసిపోయినవాళ్ళలోంచి ఆరుగురు గట్టివాళ్ళని చేసినట్టు. ఖర్చు తక్కువ, పని నాణ్యం. ఇందులో తప్పేమీ లేదు, ఒక మిషన్ని ఒక మనిషి అడిగి ఉండకపోతే.

వానాకాలం వచ్చింది. బళ్ళు తెరుస్తున్నారు. యూనిఫారాలు కుట్టేవాళ్ళు మిషన్ల కోసం షెడ్డు ముందు నిలబడుతున్నారు. బాబాయికి జ్వరం, కొలకలూరులో పడుకున్నాడు. నేనొక్కణ్ణే పని మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది, గుర్తుండాల్సిన ఒక్క క్షణం తప్ప. బయట సన్నగా జల్లు. రేకుల మీద పడే చినుకుల చప్పుడు కుట్టు చప్పుడులానే ఉంది, ఎవరో పైన కూర్చుని అంతులేని గుడ్డ ఏదో కుడుతున్నట్టు. డ్రమ్ములో కిరసనాయిల్ మీద ఇంద్రధనుస్సు రంగులు పాకుతున్నాయి. అందులోంచి ఒక్కో ముక్క తీసి బ్రష్షుతో రుద్దుతుంటే నల్లటి జిడ్డు విడిపోయి, చేపపిల్లల్లా మెరుస్తూ బయటికి వస్తున్నాయి. ఆ పనిలో ఒక మత్తు ఉంటుంది. చేతులు వాటంతటవే నడుస్తాయి, మనసు ఎక్కడో తేలుతుంటుంది. ఒక మిషన్ ముగిస్తాం, చెయ్యి పక్కదాని మీదికి వెళ్తుంది, దాన్నీ విప్పుతాం. గోడవైపు తిప్పి పెట్టినదాని మీదికి నా చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తట్టదు. తట్టేది ఒక్కటే. తుడుచుకోవడానికి చేతికి ఏదో మెత్తటి గుడ్డ దొరికింది. అది నా వేళ్ళ మధ్య మెల్లగా నల్లబడుతుంటే, ఈ పసుపు ఎంత బాగుందో అనుకున్నాను.

జ్వరం తగ్గి బాబాయ్ వచ్చేసరికి మిషన్లన్నీ ఒకే పచ్చరంగులో, ఒకే వరసలో, కవల పిల్లల్లా నిలబడి ఉన్నాయి. సగం అమ్ముడుపోయాయి కూడా. ఆయన గోడ వైపు చూశాడు.

"ఆ పసుపు గుడ్డముక్క ఏదిరా?"

నేను డ్రమ్ము పక్కనున్న పేలికల గుట్ట వైపు చూశాను. ఆయనకి అర్థమైంది.

"దాని మీది ఫ్యాక్టరీ నంబరేమైనా రాసుకున్నావా?"

"లేదు బాబాయ్."

ఆయన చాలాసేపు ఆ వరస ముందు తిరిగాడు. ఒక్కో చక్రం పట్టుకుని ఊపి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. నేనే బిగించాను.

"ఆ పిల్లకి చెప్పు" అన్నాడు.

"వచ్చినప్పుడు చెబుతాలే."

"ఆ పిల్ల రాకముందే చెప్పు. ఆశపడి వస్తది."

చెప్పలేదు. నా దగ్గర ఆమె నంబరు ఉంది. ఒకటి రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేశాను. దసరా ఇంకా చాలా దూరంలో ఉన్నట్టు ఉండేది.

దసరా వెళ్ళిన వారంలోనే వచ్చింది. ట్రాలీ ఆటో తీసుకుని, చేతిలో కుంకుమ పొట్లం, అరటిపళ్ళు, నిమ్మకాయ పెట్టుకుని. మెడలో కొత్తగా నల్లపూసలు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ షెడ్డు గుమ్మంలో నేను ఎప్పుడూ చూడలేదు. మిషన్లు కొనడానికి వచ్చేవాళ్ళ ముఖాల్లో అనుమానం ఉంటుంది. ఆమె ముఖంలో అది లేదు.

"ఏదన్నయ్యా?"

చెప్పడానికి నోరు తెరిచాను. నా చెయ్యి మాత్రం చివరనున్న మిషన్ వైపు చూపించింది.

బాబాయ్ భుజం మీది తువ్వాలు దులుపుకుని, టీ తాగి వస్తానని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన టీ తాగే వేళ కాదది.

ఆమె మిషన్ మెడకి కుంకుమ పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. అరచేతులు రెండూ మిషన్ మీద ఆనించింది. తర్వాత గుడ్డముక్క పెట్టి తొక్కింది. కుట్టు నున్నగా, నీళ్ళ మీద గీత గీసినట్టు పోయింది. అంత మంచి కుట్టు. ఆపింది. మళ్ళీ తొక్కింది.

"టిక్కు రావట్లేదేంటి?"

"బాగుచేశానమ్మా" అన్నాను.

చూశారా, మా పనిలో అబద్ధం ఎంత తేలికో. ఏది లేకపోయినా, ఏది మారిపోయినా, బాగుచేశామంటే చాలు. ఎవరూ తిరిగి అడగరు.

ఆమె మాత్రం తలెత్తి, "వద్దన్నాను కదండీ" అంది. నెమ్మదిగానే అంది. అన్నయ్యా అనకుండా అండి అనడం అదే మొదటిసారి.

"ఇంత రిపేరు చేశాక అదొక్కటీ వదిలేస్తే ఎలా? దానికి డబ్బులేం తీసుకోవట్లేదులే" అన్నాను.

ఆమె కాసేపు మిషన్ వైపు చూసి, తనకి తనే నచ్చజెప్పుకున్నట్టు తలూపింది. "మీరు మంచికే చేశారులే" అంది. వెళ్ళేముందు అరటిపళ్ళు నా చేతిలో పెట్టింది. వాటిని బాబాయ్ ముట్టలేదు.

అక్కడి నుంచి కథ నడవడం మొదలుపెట్టింది. ఆమె రేపల్లెలో దుకాణం పెట్టింది. వచ్చిన ప్రతి మనిషికీ ఆ మిషన్ గురించి, దాన్ని దాచి ఇచ్చిన అన్నయ్య గురించి చెప్పేది. నిజాంపట్నం నుంచి పట్టాలు కుట్టేవాడొకడు వచ్చి, "ఆ చెల్లెమ్మ చెప్పింది బావా, మాటంటే మాటేనంట కదా నువ్వు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంకొకరు వచ్చారు. ఇంకొకరు. సంఘం మీటింగులో ఎవరో ఆ కథ మైకులో చెప్పి నాకు శాలువా కప్పారు. ఆ శాలువా బీరువాలో ఉంది. ఎంత చలిలోనూ కప్పుకోలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు.

షెడ్డులో ఎవరైనా ఆ కథ ఎత్తితే బాబాయ్ వెళ్ళి గ్రైండర్ ఆన్ చేసేవాడు. పదును పెట్టడానికి ఏమీ లేకపోయినా, పాత కత్తెర ఏదో తీసి దానికి ఆనించేవాడు. కథ పూర్తయ్యేదాకా నిప్పురవ్వలు రాలుతూ ఉండేవి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన చనిపోయాక వాళ్ళమ్మాయి ఆ పనిముట్ల పెట్టెని నాకే ఇచ్చింది.

ఆమె అక్క మిషన్ ఎక్కడికి పోయిందని నన్ను నేను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. ఎక్కడికీ పోలేదు, అన్నిచోట్లకీ పోయింది. దాని చక్రం కొల్లూరులో ఎవరి జాకెట్టు కుడుతూ తిరుగుతోందో, దాని షటిల్ బాపట్లలో ఏ పిల్లాడి నిక్కరు కుడుతోందో. ఒక్కోసారి బస్సులో పోతుంటే, రోడ్డుపక్క ఏదో ఇంట్లోంచి మిషన్ చప్పుడు వినిపిస్తే చెవి అటు తిరిగేది.

సంచికకి రాయమని అడిగినప్పుడు, అచ్చులో చదివేముందు ఆమె ఇది నా నోటితో వినాలనిపించింది. బాబాయ్ పెట్టె నుంచి మూత ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని రేపల్లె రైలెక్కాను. ఖాళీ చేతులతో వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. మబ్బుపట్టిన మధ్యాహ్నం. కిటికీ పక్కన పొలాలు నీళ్ళతో నిండి, రైలే కదలకుండా ఆకాశం జారిపోతున్నట్టుంది. ఆ ప్రయాణం అయిపోకూడదని కోరుకున్నాను.

దుకాణం చిన్నదే, వీధివైపు తెరిచి ఉంది. మిషన్ గుమ్మానికి దగ్గరగా వేసుకుంది. నా పచ్చరంగు అక్కడక్కడ లేచిపోయింది. దాని మెడ నిండా బొట్టుబిళ్ళలు.

"అన్నయ్యా! రండి రండి" అని లేచి, జాకెట్టు కొలతలిస్తున్నావిడతో, "నేను చెప్తుంటానే, ఆ అన్నయ్య ఈయనే" అంది. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది. ఆవిడ వెళ్ళేదాకా నేను స్టూలు మీద కూర్చున్నాను.

తర్వాత చెప్పాను. వాన, డ్రమ్ము, పసుపు గుడ్డ, అన్నీ. ఆమె కుడుతున్న బట్ట మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది.

"అంటే ఇది అక్కది కాదా?"

"ఏదో ఒక ముక్క ఉండొచ్చమ్మా. ఏదో నాకూ తెలియదు."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె బట్ట మీంచి చెయ్యి తీసింది.

"ఆ రోజే చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇన్నేళ్ళు దీంతో మాట్లాడాను అన్నయ్యా. రోజూ పొద్దున్నే. దానికన్నీ చెప్పాను."

గుడ్డ విప్పి మూత ఆమె ముందు పెట్టాను. అదేంటో చెప్పాను. ఆమె వేలితో ఒక్కో చుక్కనీ తడుముతూ పోయింది.

"ఇందులో అక్కవి ఉంటాయా?"

"ఉంటాయి. బాబాయ్ ఒక్కటి కూడా పారెయ్యలేదు."

"ఏవి?"

"అది తెలియదమ్మా."

మూతని మళ్ళీ గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "ఇది ఆ తాతయ్యది. మీరే దాచండి" అంది. నేను లేవబోయాను.

"ఎక్కడికి? కూర్చోండి." మిషన్ ముందు నుంచి తను పక్కకి జరిగింది. "టిక్కు బాగుచేశానన్నారుగా. ఇప్పుడు చెడగొట్టండి."

సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చింది. చక్రం దగ్గర స్క్రూ మీద పెట్టి తిప్పాను. బొటనవేలు వదిలేసింది. ఎడమచెయ్యి ఆనించి మళ్ళీ తిప్పాను. ఆమె కళ్ళు మూసుకుని తొక్కింది.

"కాదు."

కొంచెం బిగించాను.

"కాదు. ఇది రేకు చప్పుడులా ఉంది. అది చిన్నగా ఉంటది. నాలుక అంగిట్లో అంటించి తీసినట్టు."

ఒక చిన్న చప్పుడు కోసం నా జన్మలో అంతసేపు ఏ మిషన్ ముందూ కూర్చోలేదు. వదులు చెయ్యడం, వినడం, బిగించడం. నేను నేర్చుకున్న పనినంతా వెనక్కి నడిపించినట్టుంది. వాన మొదలై ఆగింది. నా రైలు వెళ్ళిపోయింది. జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడని ఆమె కళ్ళు తెరవకుండానే, "రేపు రండి పిన్నీ" అని పంపేసింది.

ఒకసారి తొక్కినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఆపి, మళ్ళీ తొక్కింది. టిక్. తర్వాత కుట్టు. మళ్ళీ ఆపింది.

"ఇలా వదిలేస్తే లోపల అరుగుతుందమ్మా" అన్నాను. అలవాటు.

"అరగనివ్వండి."

కళ్ళు తెరిచి చక్రం వంక చూసింది.

"ఈ టిక్కు కూడా అక్కది కాదు" అంది. "అయినా ఉండనివ్వండి."

ఆ కథని ఇకమీద ఆమె ఎలా చెబుతుందో, అసలు చెబుతుందో లేదో నాకు తెలియదు. నేను మూత చంకన పెట్టుకుని వీధిలోకి దిగాను. తడిసిన రోడ్డు మీద సాయంత్రం వెలుగు పడుతోంది. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక నుంచి వినిపించింది, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు, ఒక్క టిక్కు. దాని వెనకే కుట్టు.